రెండు వేల మాటల కింద చన్నీళ్ళు

నేను రాసినవాటిలో అన్నిటికంటే ఎక్కువమంది చదివింది ఒక దిక్కుమాలిన వ్యాసం. చెయ్యి కాలితే ఏం చేయాలి అన్నది దాని విషయం. అందులో పనికొచ్చే వాక్యాలు నాలుగంటే నాలుగు. మిగతాదంతా చెత్త. ఆ చెత్త కూడా నేనే రాశాను, ఇంకెవరి మీదో తోసేసి చేతులు దులుపుకునే వీలు లేదు. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. సగం కోపం మా యజమాని మీద, సగం నా మీద. కొన్ని రోజులు నా వాటాయే ఎక్కువ.

అప్పుడు అమీర్‌పేటలో మెట్రో పిల్లర్లు లేస్తున్నాయి. రోడ్డు నడుమ రేకులు కట్టేసి, మిగిలిన సందులోనే బస్సులు, ఆటోలు, మనుషులు అందరూ ఇరుక్కుని పోవాలి. మా ఆఫీసు ఒక పాత బిల్డింగ్ నాలుగో అంతస్తులో ఉండేది. కింద మూడంతస్తులూ కోచింగ్ సెంటర్లు. ఉద్యోగం గ్యారంటీ అని రాసిన ఫ్లెక్సీల మధ్య నుంచి, కోర్సు మెటీరియల్ పట్టుకుని మెట్ల మీదే కూర్చున్న పిల్లల మధ్య నుంచి, దారి చేసుకుంటూ పైకెక్కాలి. లిఫ్టు ఉండేది. అది పనిచేయగా నేను చూడలేదు.

అంతకుముందు పదేళ్ళు సోమాజిగూడలో ఒక తెలుగు పత్రిక డెస్కులో పనిచేశాను. అక్కడ మా ఇన్‌ఛార్జి పెద్దాయన నేర్పింది ఒకటే. ముందు విషయం చెప్పు, తర్వాత నీ సోకులు పడు. బస్సు బోల్తా పడితే ఎక్కడ పడింది, ఎంతమందికి దెబ్బలు తగిలాయి అన్నది మొదటి రెండు వాక్యాల్లో లేకపోతే కాగితం తిరిగి నా బల్ల మీదికి వచ్చి పడేది. పేజీలో చోటు చాలకపోతే వార్తని కింద నుంచి కోసేవారు. అందుకని ముఖ్యమైనదంతా పైనే ఉండాలి. ఆ పత్రిక ముందు పేజీలు తగ్గించింది, తర్వాత మనుషుల్ని తగ్గించింది. తగ్గినవాళ్ళలో నేనొకదాన్ని.

అలా వచ్చి పడ్డాను, ఇంటర్నెట్‌కి వ్యాసాలు రాయించే ఈ కంటెంట్ కంపెనీలో. యజమాని మా గోదావరి వైపు మనిషే. మర్యాదస్తుడు, ప్రతి మాటకీ అండి, మేడమ్. ఒకప్పుడు ఇదే బిల్డింగ్‌లో కంప్యూటర్ కోర్సులు చెప్పేవాడట. తెలుగువాళ్ళందరి చేతుల్లోకీ ఫోన్లు వస్తున్నాయి, ఏ సందేహం వచ్చినా అందులోనే వెతుకుతారు, ఆ వెతుకులాటలో మన పేజీ మొదట కనబడితే చాలు అన్నది ఆయన లెక్క. అంతవరకూ బాగానే ఉంది. మొదట కనబడాలంటే ఏం చేయాలి అన్న దగ్గరే ఆయనకి పిచ్చి పట్టింది.

ఏదో ఒక ప్రశ్నకి సెర్చ్‌లో మొదట వచ్చిన పది పేజీలు ప్రింటు తీయించి, ఒక్కోదాంట్లో ఎన్ని మాటలున్నాయో లెక్క పెట్టించి, గోడకి అంటించాడు. పదిట్లో ఎనిమిది పొడుగ్గా ఉన్నాయి. ఇంకేముంది, పొడుగే మంత్రం. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ముందు వరసలో ఆగిన బళ్ళు ఎర్రవైతే, ఎరుపు రంగు వల్లే ముందుకొచ్చాయని చెప్పినట్టుంది ఇది అన్నాను నేను. ఆ పేజీలు నమ్మకమైనవని పదిమందీ వెళ్ళి ఉండొచ్చు, పాతవై ఉండొచ్చు, బాగా రాసి ఉండొచ్చు. ఆయన నవ్వాడు. మీరు పేపర్ నుంచి వచ్చారు మేడమ్, మెల్లగా అలవాటవుతుంది అన్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు చిర్రెత్తేది.

ఆ ఆఫీసులో రెండు నియమాలుండేవి. ఏ వ్యాసమైనా రెండు వేల మాటలకి తగ్గకూడదు. మేం టైపు చేసే తెరకి ఒక మూల చిన్న గడి ఉండేది, మాటలు తక్కువైతే ఎర్రగా, సరిపోతే పచ్చగా మారేది. పచ్చగా మారేదాకా కుర్చీ లోంచి లేవకూడదు. రెండో నియమం ఇంకా దరిద్రం. జవాబు మూడో ఉపశీర్షిక దాటాకే రావాలి. పైనే చెప్పేస్తే చదివేవాడు వెళ్ళిపోతాడు, వెతుక్కుంటూ కిందకి వెళ్తే పేజీ మీద ఎక్కువసేపు ఉంటాడు, ఉన్నకొద్దీ మన పేజీ పైకెళ్తుంది, మధ్యలో ప్రకటనలూ చూస్తాడు. అంటే పదేళ్ళు నేను నేర్చుకున్నదాన్ని తలకిందులు చేసి, దానికే జీతం ఇస్తున్నారన్నమాట. ఇడ్లీపిండి ఎందుకు పులుస్తుంది, సిలిండర్ వాసన వస్తే ఎలా, పిల్లలకి కోడిగుడ్డు ఎన్నో నెలలో పెట్టాలి... అన్నిటికీ అదే కొలత. నేను తిట్టుకుంటూనే రాశాను. తిట్టుకుంటే మనం వాళ్ళలో కలిసిపోలేదనుకుంటాం. అదంతా భ్రమ.

కాలిన గాయాల వ్యాసం నా వంతుకి వచ్చినప్పుడు, తెలిసిన ఒక డాక్టరుని అడిగి, పది నిమిషాల్లో రాసేశాను. కాలిన చోటుని వెంటనే కుళాయి కింద పెట్టి ఇరవై నిమిషాలు చన్నీళ్ళు పారనివ్వండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. పేస్టు, పసుపు, సిరా ఏదీ పూయకండి. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి, బొబ్బలు లేచినా, చోటు పెద్దదైనా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అంతే. నాలుగు వాక్యాలు.

ఆయన నన్ను పిలిచాడు.

"ఏంటి మేడమ్ ఇది, టెలిగ్రామా? ఇది చదివి మనిషి వెళ్ళిపోతే మన దగ్గర ఎంతసేపు ఉన్నట్టండి?"

"వెళ్ళిపోవాలనే కదండీ వచ్చింది. చెయ్యి కాలి ఉంది వాళ్ళకి."

ఆయన మళ్ళీ నవ్వాడు. నేను మళ్ళీ నా కుర్చీలోకి వచ్చి పడ్డాను. ఆ రోజే సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగి ఉంటే ఈ కథే లేదు. దిగలేదు. సాగదీశాను.

నిప్పు మానవ నాగరికతని ఎలా మార్చిందో ఒక పేరా. చర్మానికి ఎన్ని పొరలుంటాయో రెండు పేరాలు. ఇంకా గడి ఎర్రగానే ఉంది. అప్పుడు ఒక ఉపశీర్షిక తట్టింది, "చెయ్యి కాలిన వెంటనే మన ఇళ్ళలో ఏం చేస్తారు?" అని. అక్కడ నా కలానికి హుషారొచ్చింది. ఎవరికైనా చుక్క నూనె చిందితే చాలు, ఇంట్లో ఒకరు బాత్‌రూమ్‌కి పరిగెత్తి పేస్టు ట్యూబు తెస్తారని, దాన్ని వేలి మందాన పూస్తారని, చల్లగా తగిలి ప్రాణం లేచి వస్తుందని, కొందరు పసుపులో నూనె కలిపి పట్టు వేస్తారని, మా నాయనమ్మ అయితే సిరాబుడ్డి వంపేసేదని రాసుకుంటూ పోయాను. నిజం చెప్తున్నా, బాగా కుదిరింది. మొత్తం వ్యాసంలో ప్రాణమున్న ముక్క అదొక్కటే. అదే నా ఖర్మ. దాని కింద ఒక ప్రకటన, ఆ కింద కాలిన గాయాల్లో రకాలు, మళ్ళీ ప్రకటన, ఆ తర్వాత ఎక్కడో "ఇవన్నీ తప్పు" అన్న మాట, నా నాలుగు వాక్యాలు. గడి పచ్చగా మారింది. నేను లేచి టీ తాగడానికి వెళ్ళాను.

కొన్ని నెలలకి ఆ పేజీ మొదటి స్థానానికి వచ్చింది. తెలుగులో చెయ్యి కాలిందని ఎవరు వెతికినా ముందు మాదే. యజమాని ఆఫీసు మొత్తానికి మిర్చిబజ్జీలు తెప్పించాడు, నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించాడు. నేను రెండు బజ్జీలు తిన్నాను. చప్పట్లకి నవ్వాను కూడా.

నేనుండేది మధురానగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో. కోర్సులు నేర్చుకునే అమ్మాయిలు, చిన్నా పెద్దా ఉద్యోగాలు చేసేవాళ్ళు కలిసి నలభైమందిమి ఉండేవాళ్ళం. మాకందరికీ వండేది బల్కంపేట నుంచి వచ్చే ఒకావిడ. నాకంటే ఐదారేళ్ళు పెద్దది. అందరం అక్క అనేవాళ్ళం. చదువు రాదు, కానీ ఎవరు వంకాయ తినరో, ఎవరికి రాత్రి షిఫ్టు ఉందో, ఎవరు ఇంటి మీద బెంగ పెట్టుకున్నారో అన్నీ ఆవిడకి తెలుసు. పళ్ళెంలో అన్నం వదిలేస్తే ఊరుకునేది కాదు, మళ్ళీ పిలిచి తినిపించేది. నా పత్రిక ఉద్యోగం పోయిన వారమంతా నేను కిందికి రాకపోతే, గదికే పళ్ళెం తెచ్చి, తినేదాకా గుమ్మంలో నిలబడింది. ఎల్లమ్మ గుడి వీధిలో ఒక చిన్న చోటు మాట్లాడుకుంది, బోనాల నాటికి సొంతంగా టిఫిన్ బండి పెట్టాలని. కుడిచేత్తో వడ తట్టి, గరిటె లేకుండా, చుక్క చిందకుండా నూనెలోకి జార్చేది. ఆ చెయ్యే ఆవిడ పెట్టుబడి.

ఆ ఆదివారం పొద్దున నేను హాస్టల్‌లో లేను. ఆఫీసులో ఉన్నాను. వారంలో రాయాల్సినవి మిగిలిపోయాయని సెలవు రోజు కూడా పిలిచారు. వడల మూకుడు పొయ్యి మీద ఒరిగి, కాగిన నూనె అక్క కుడిచేతి మీద, మణికట్టు దాకా పడింది. అరుపు విని ముందుగా పరిగెత్తుకొచ్చింది మా భీమవరం వైపు అమ్మాయి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తోంది. తెలివైన పిల్ల. కంగారు పడకుండా ఫోన్ తీసి వెతికింది. మొదట వచ్చిన పేజీ తెరిచింది. కళ్ళు పరిగెత్తించింది. నాగరికత దాటింది, చర్మం పొరలు దాటింది, "వెంటనే ఏం చేస్తారు" అన్న చోట ఆగింది. ఆగదు మరి? ఆ పిల్లకి కావలసిన ప్రశ్న అదే కదా. పేస్టు అని ఉంది. పరిగెత్తి ట్యూబు తెచ్చి, మొత్తం పిండి, చెయ్యంతా పూసింది. చల్లగా ఉందని అక్క కూడా ఏడుపు ఆపిందట. పొయ్యికి మూడడుగుల దూరంలో కుళాయి ఉంది. ఆ పొద్దున నీళ్ళు వస్తున్నాయి కూడా.

ఫోన్ వస్తే నేను ఆసుపత్రికి పరిగెత్తాను. సోమాజిగూడలో, నా పాత ఆఫీసుకి రెండు వీధుల అవతల. చెయ్యి అప్పటికే ఉబ్బిపోయింది. గాజులు మాంసంలోకి దిగిపోతే కత్తిరించి తీశారు. ఎండి పట్టేసిన పేస్టుని కాలిన చర్మం మీద నుంచి తీస్తుంటే ఆవిడ పెట్టిన కేకలు నడవా చివరికి వినిపించాయి. ఎవరమ్మా ఇది పూసింది అని డాక్టరు విసుక్కుంది. వెంటనే నీళ్ళ కింద పెట్టి ఉంటే గాయమే అయ్యేది కాదని చెప్పను గానీ, ఇంత లోతుకి పోయేది కాదు అంది.

ఆ అమ్మాయి గోడవారగా నిలబడి ఏడుస్తోంది. నన్ను చూడగానే ఫోన్ చాపింది.

"నేను చదివే చేశాను అక్కా. చూడండి, ఇక్కడ రాసుంది."

చూశాను. నాయనమ్మ సిరాబుడ్డి కనబడింది. కింద దాకా చదవలేదా అని అడిగాను, ఏ మొహం పెట్టుకుని అడిగానో నాకే తెలియదు. అక్క అలా అరుస్తుంటే కింద దాకా ఎలా చదువుతాను అక్కా అంది. అది రాసింది నేనే అని ఆ పిల్లకి చెప్పలేదు. ఏడవకు అని మాత్రం చెప్పాను.

మర్నాడు పొద్దున్నే యజమాని గదిలోకి వెళ్ళాను. జరిగింది చెప్పాను. అయ్యయ్యో అన్నాడు, నిజంగానే బాధపడ్డాడు. ఆ పేజీలో నాలుగు వాక్యాలు పైకి తెచ్చి, పేస్టు భాగం తీసేద్దాం, పది నిమిషాల పని అన్నాను. ఆయన మొహం మారింది.

"మొదటి స్థానంలో ఉన్న పేజీని ముట్టుకోకూడదు మేడమ్. అయినా పూయొద్దని కింద స్పష్టంగా రాశారు కదండి మీరు. చదవకపోతే అది వాళ్ళ పొరపాటు."

ఆ మాటతో అరికాలి మంట నెత్తికెక్కింది. చదవరని తెలిసే కదండీ కిందకి నెట్టమన్నది, వెతుక్కుంటూ తిరగాలనే కదా ఇదంతా అని అరిచాను. గాజు తలుపు అవతల అందరూ తలలు తిప్పారు. ఇవాళ కూడా ఎవరో ఒకరి చెయ్యి కాలుతుంది, వాళ్ళు మన పేజీయే తెరుస్తారు, మొదటి స్థానంలో ఉంది కాబట్టే తెరుస్తారు, అది అర్థం కాదా మీకు అన్నాను. మీరు ఆవేశంలో ఉన్నారు, ఇంటికెళ్ళి రెస్ట్ తీసుకోండి అన్నాడు. మర్యాద మాత్రం పోనివ్వలేదు, మహానుభావుడు.

నా కుర్చీలోకి వచ్చి ఆ పేజీ తెరిచి, మొత్తం చెరిపేసి, నాలుగు వాక్యాలు మిగిల్చాను. గడి ఎర్రగా మారింది. పట్టించుకోలేదు. ఆ మధ్యాహ్నం ఒక్క పూట ఆ పేజీ ఉండాల్సినట్టు ఉంది. సాయంత్రానికి ఆయన కనిపెట్టి పాతది తిరిగి పెట్టించాడు. నా పాస్‌వర్డ్ మార్చేశాడు. ఇకపై నేను రాసింది ఇంకొకరు చూశాకే పైకెక్కుతుందన్నాడు.

ఇక్కడ నేను మానేశానని రాయగలిగితే ఎంత బాగుండేది! మానలేదు. ఇంకో ఉద్యోగం దొరకదన్న భయం. మర్నాడు వెళ్ళి, బియ్యం పురుగు పట్టకుండా ఎలా దాచాలో రెండు వేల మాటలు రాశాను. బియ్యం చరిత్రతో మొదలుపెట్టాను. నా మీద నాకు అసహ్యం వేసింది, అయినా వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి.

అక్క గాయం చీము పట్టింది. మానడానికి వారాలు పట్టింది. మానాక చిటికెన వేలు, ఉంగరపు వేలు వంగలేదు. అరచెయ్యి పూర్తిగా ముడుచుకోదు. హాస్టల్ ఓనరమ్మ ఇంకొక వంటమనిషిని పెట్టుకుంది. నలభైమందికి ఆకలేస్తే ఆగుతుందా అంది, అదీ నిజమే. గుడి వీధిలో చోటు ఇంకెవరికో పోయింది. ఆషాఢంలో బోనాల జనం ఆ వీధిలో కిక్కిరిసి వెళ్తుంటే, ఆ మూల వేరేవాళ్ళ బండి దగ్గర నూనె కాగుతోంది. నేను అటు చూడకుండా నడిచి, అక్క ఉండే గదికి వెళ్ళాను.

ఆవిడ గుమ్మంలో కూర్చుని ఎడమచేత్తో ఉల్లిపాయలు ఒలుస్తోంది, కుడిచేత్తో ఒళ్ళో అదిమి పెట్టుకుని. నన్ను చూసి మొహం విప్పారింది. కూసో చెల్లె అంది. ఆ పిల్ల ఎలా ఉంది, దాని కోర్సు అయిపోయిందా అని అడిగింది. గా పిల్లను ఏమనకుండ్రి, మంచికే జేసింది అంది. ఇక నా వల్ల కాలేదు. ఆ పిల్ల ఫోన్‌లో చదివింది నేను రాసిందే అక్కా అని చెప్పేశాను. నీళ్ళు పోయాలని నాకు తెలుసనీ, తెలిసీ దాన్ని అడుగున పెట్టాననీ చెప్పాను.

ఆవిడ ఉల్లిపాయ పక్కన పెట్టింది. తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నాకు చదువు రాదు గద. ఏం రాసినవో జర చదువు, వింట."

ఫోన్ తీశాను. వెతికితే ఇంకా మొదటి స్థానంలోనే ఉంది. పైనుంచి చదవడం మొదలుపెట్టాను. నిప్పు మానవ నాగరికతని మార్చేసిందని చదివాను. అక్క శ్రద్ధగా, తల ఒకవైపు వంచి వింటోంది, గుడిలో పురాణం విన్నట్టు. చర్మంలో పొరలు చదివాను. బయట డప్పులు దగ్గరికొచ్చి, దాటి వెళ్ళిపోయాయి. పేస్టు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వంగని రెండు వేళ్ళనీ ఎడమచేత్తో పట్టుకుంది.

"నీళ్ళ ముచ్చట ఎప్పుడొస్తది చెల్లె?"

"ఇంకా కిందుంది అక్కా."

"గప్పటిదాంక చెయ్యి కాలుతనే ఉంటది గద," అంది.